సిసింద్రీ వాసనొచ్చే తుపాకి

టెక్సాస్‌లో ఆదివారం పొద్దున. ఎదురుగా ఎండిన గడ్డి, దాని వెనక ఎత్తుగా పోసిన మట్టికట్ట, ముందు ఒక కాగితం టార్గెట్. నా చేతిలో జానెడు పొడవున్న రివాల్వర్. ఇనుము, ఇత్తడి, కర్రపిడి. చూడ్డానికి మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చినట్టుంటుంది. ట్రిగ్గర్ నొక్కాను. సినిమాల్లో వినిపించే "ఢాం" కాదు, "ఠప్" మంది. మరుక్షణం నా ముందు తెల్లటి పొగ తెర. టార్గెట్ లేదు, మట్టికట్ట లేదు, టెక్సాసే లేదు!

ఆ పొగ మెల్లగా ముక్కుకి తగిలింది. అంతే. నాకు ఎనిమిదేళ్లు. తణుకు దగ్గర మా ఊళ్లో అరుగు మీద కూర్చున్నాను. పాత పేపరు పరిచి, మా బాబాయ్ సిసింద్రీలు కూరుతున్నాడు.

అదే వాసన. అచ్చంగా అదే. గంధకం, బొగ్గు, సూరేకారం.

సిసింద్రీ తెలియని తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక ముక్క. కొన్న టపాకాయలు కాకుండా గోదావరి జిల్లాల్లో ఇళ్లల్లోనే చుట్టుకునే బుల్లి కాగితం గొట్టం అది. మందు కూరి, అంటించి వదిలితే ఎటు పోతుందో దానికే తెలీదు. పక్కింటి పంచెల్లోకి దూరినవి కూడా ఉన్నాయి. ఇప్పుడు నేను పేల్చిన రివాల్వర్‌లో మందుకీ, ఆ సిసింద్రీలో మందుకీ మూలవస్తువులు అవే మూడు. ఇంగ్లిషులో దీన్ని బ్లాక్ పౌడర్ అంటారు. నల్లమందు అని మాత్రం అనకండి బాబూ, తెలుగులో నల్లమందంటే వేరే! పోలీసులు వేరే సెక్షన్ పెడతారు.

నేనూ తుపాకీనా?

నిజం చెప్పాలంటే నాకు తుపాకులంటే భయం. ఇష్టం లేదు అనడం మర్యాద మాట, భయం అనేదే అసలు మాట. అమెరికా వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథ్‌లో ఒక తెలుగు ఇంజనీర్‌ని బార్‌లో కాల్చి చంపేసిన రోజు గుర్తుందా? ఆ రాత్రి మా అమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. "నువ్వు బయటికెళ్లకు నాన్నా" అంటుంది. ఆఫీసుకి కూడా వెళ్లొద్దా అంటే "వద్దు" అంది. అప్పట్నుంచి ఇక్కడ షాపింగ్‌మాల్‌లో పెద్ద చప్పుడైతే ముందు తలుపు ఎటుందో చూస్తాను. అలవాటైపోయింది.

అలాంటివాణ్ణి ఇందులోకి లాగింది మా పక్కింటి పెద్దాయన. డెబ్భై దాటాయి. లేత్ మిషన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు వాళ్ల గరాజ్ తలుపు తీసి ఉంటే లోపల బల్ల మీద విడదీసి పెట్టిన రివాల్వర్ కనిపించింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నవ్వలేదు. "ఇది మూడే ముక్కలు, చూడు" అని గొట్టం, సిలిండర్, ఫ్రేమ్ విడివిడిగా చూపించారు. తరవాత ఒక చిన్న డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టారు. వాసన చూసి "మా ఊళ్లో ఇది దీపావళికి వాడతాం" అన్నాను. మా బాబాయ్ సంగతి మాత్రం చెప్పలేదు.

మా బాబాయ్ కుడిచేతికి ఇప్పుడు మూడు వేళ్లే ఉన్నాయి. ఆ అరుగు మీద, ఆ సిసింద్రీలు కూరుతుంటేనే. "ఇంకా గట్టిగా కూరు బాబాయ్, అందరికన్నా మనదే ఎక్కువ దూరం పోవాలి" అన్నది నేను. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదు. బాబాయ్‌కి గుర్తుందో లేదో ఎప్పుడూ అడగలేదు.

అందుకే ఆ డబ్బా వాసన చూశాక ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. మర్నాడు వెళ్లి "నాకు నేర్పిస్తారా?" అని అడిగేశాను. ఎందుకడిగానో అప్పుడు నాకే తెలీదు.

కలకత్తా ఓడెక్కిన కుర్రాడు

ఈ బుల్లి రివాల్వర్ అసలు పేరు కోల్ట్ 1849 పాకెట్. నా చేతిలోది ఇటలీలో చేసిన నకలు. కాలిబర్ .31, అంటే గుండు వ్యాసం అంగుళంలో మూడోవంతు కూడా ఉండదు. సిలిండర్‌లో ఐదు గదులు. అసలువి అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో 1850 నుంచి 1873 దాకా మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. కోల్ట్ కంపెనీ తుపాకిమందు రోజుల్లో అమ్మిన రివాల్వర్లన్నిట్లోనూ ఎక్కువ అమ్ముడైంది ఇదే. సినిమాల్లో హీరో నడుముకి వేలాడే పెద్ద రివాల్వర్లు కావు, జేబులోనూ సొరుగులోనూ దాక్కునే ఇలాంటివే జనం ఎక్కువ కొన్నారు. కాలిఫోర్నియాలో బంగారం దొరికిందని జనం ఎగబడి పడమటికి పోయిన రోజులు మరి. దారిలో దొంగల భయం. సిలిండర్ చుట్టూ చెక్కిన బొమ్మ కూడా అదే, గుర్రపుబండి మీద దొంగలు పడే దృశ్యం. దాన్ని చెక్కినాయన వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ, వృత్తిరీత్యా కరెన్సీ నోట్లకి బొమ్మలు చెక్కేవాడు. భూతద్దం పెట్టి చూస్తే గుర్రాల కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు.

ఈ శామ్యూల్ కోల్ట్ కథలో మనకి నచ్చే ముక్క ఒకటుంది. 1830లో, పదహారేళ్ల వయసులో, కోర్వో అనే ఓడలో పనికుర్రాడిగా ఎక్కి కలకత్తా వచ్చాడు. ఆ ప్రయాణంలోనే ఓడలో తిరిగి ఆగే చక్రాన్ని చూసి తిరిగే సిలిండర్ ఆలోచన వచ్చిందని, కర్రతో ఒక నమూనా చెక్కుకున్నాడని ఆయనే చెప్పుకునేవాడు. ఆ కర్రముక్కలు ఇప్పటికీ హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో ఉన్నాయి. ఓడచక్రం కథ ఎంత నిజమో గానీ, మార్కెటింగ్‌లో మాత్రం ఆయన ఘనుడు. పేటెంట్‌కి డబ్బుల్లేక "డాక్టర్ కోల్ట్" అని పేరు పెట్టుకుని ఊరూరా తిరిగి జనానికి లాఫింగ్ గ్యాస్ పీల్పించి టిక్కెట్లు అమ్మాడు. ఆ డబ్బుతో తుపాకి చేయించాడు. 1836లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఇప్పుడైతే రీల్స్ చేసేవాడు, అనుమానం లేదు.

తుపాకిలో ఉప్మా

ఇక అసలు పని. ఇప్పటి తుపాకిలో బుల్లెట్టూ మందూ ఒకే తూటాలో ఉంటాయి. పెట్టెయ్యడమే. ఇందులో అలా కాదు. ఒక్కో గదిలో మందు విడిగా పొయ్యాలి, గుండు విడిగా కూరాలి, వెనకాల కేపు విడిగా తొడగాలి. ఐదు గుండ్లు పేల్చడానికి నాకు మొదటిరోజు పావుగంట పట్టింది. పేల్చడం పదిహేను సెకన్లు.

ముందుగా కళ్లద్దాలు, చెవులకి మఫ్స్. హ్యామర్‌ని సగం లాగితే సిలిండర్ చేత్తో తిరుగుతుంది. చిన్న ఇత్తడి ఫ్లాస్క్ ఉంటుంది, దాని ముక్కే కొలత. వేలితో మూసి, తిరగేసి, మీట నొక్కితే సరిగ్గా ఒక గదికి సరిపడా మందు వస్తుంది. ఇంత చిన్న రివాల్వర్‌కి ముప్పాతిక గ్రాము, అటూ ఇటూగా. అంటే చిటికెడు ఇంగువంత. పెద్దాయన దగ్గర ఒక నియమానికి మాత్రం మినహాయింపు లేదు: డబ్బాలోంచి నేరుగా గదిలోకి మందు పొయ్యకూడదు. లోపల ఎక్కడైనా కణకణలాడే నలుసు మిగిలుంటే కొలతలో ఉన్న చిటికెడు అంటుకుంటే కంగారు, డబ్బా అంటుకుంటే చెయ్యి ఉండదు.

ఆయన ఈ మాట మామూలుగానే అన్నారు. నేను మాత్రం ఒక్క నిమిషం బల్ల పట్టుకుని నిలబడిపోయాను.

మందు పోశాక దానిమీద కొందరు షూటర్లు ఏం వేస్తారో తెలుసా? గోధుమ రవ్వ! అవును, మన ఉప్మా రవ్వే. ఇక్కడ 'క్రీమ్ ఆఫ్ వీట్' పేరుతో సూపర్ మార్కెట్లో దొరుకుతుంది. మందు తక్కువ పోసినప్పుడు గుండుకీ మందుకీ మధ్య ఖాళీ మిగలకూడదు కాబట్టి రవ్వతో నింపుతారు. మా బుల్లిదాంట్లో చోటు తక్కువ, రవ్వ అవసరం అంతగా రాదు. పెద్దాయన ఫుల్ సైజు రివాల్వర్లకి మాత్రం తప్పనిసరి. ఆపైన సీసపు గుండు. గుండు గది కన్నా ఒక వెంట్రుకవాసి పెద్దగా ఉండాలి. గొట్టం కింద ఉండే మీటని లాగి నొక్కుతుంటే అంచున సన్నటి సీసపు రింగు గీరుకుని ఊడి వస్తుంది. ఆ రింగు వస్తేనే గుండు గట్టిగా బిగిసినట్టు. చివరగా గది మూతికి కొవ్వు పూస్తారు. చాలామంది వాడేది క్రిస్కో, అంటే మన డాల్డాకి అమెరికా అక్క. రవ్వ, డాల్డా... పోపు గింజలొక్కటే తక్కువ!

డాల్డా ఎందుకంటే నవ్వులాట కాదు. ఒక గది పేలినప్పుడు నిప్పురవ్వలు పక్క గదిలోకి దూరితే అదీ పేలుతుంది, దాని పక్కదీ పేలుతుంది. దీన్ని చైన్ ఫైర్ అంటారు. పక్క గదిలో గుండు గొట్టానికి ఎదురుగా ఉండదు కదా, ఎటు పోతుందో చెప్పలేం. సిసింద్రీ అన్నమాట. గుండు వదులుగా ఉన్నా, వెనక కేపు ఊడిపోయినా ఇది జరగొచ్చు. అందుకే సీసపు రింగు రాకపోతే ఆ గుండు వాడం. కేపు వదులైతే మార్చేస్తాం. రెండో చెయ్యి ఎప్పుడూ సిలిండర్ ముందుకి రానివ్వం.

కేపులంటే చిన్నప్పుడు బిళ్లల తుపాకిలో వాడేవాళ్లం చూడండి, ఎర్ర కాగితం రీలు, ఇంచుమించు ఆ తంతే. కాకపోతే ఇది సన్నటి రాగి టోపీ. గది వెనకున్న చిన్న ముక్కుకి తొడిగితే, హ్యామర్ కొట్టగానే నిప్పు లోపలికి పోతుంది. కేపు ఎప్పుడూ ఆఖర్నే. అదీ మూతి టార్గెట్ వైపు పెట్టి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇందులో పోసేది బ్లాక్ పౌడర్, లేదా దానికి బదులుగా పనికొచ్చేలా తయారుచేసి అమ్మే పౌడర్ మాత్రమే. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు ఒక చిటికెడు పోసినా ఈ పాత డిజైన్ తట్టుకోలేదు, చేతిలోనే బద్దలవ్వచ్చు. యూట్యూబ్‌లో ఎవడో చేశాడని చెయ్యకండి.

అరవై దాకా లెక్కపెట్టు

సరే, పేలుతుంది. తగులుతుందా? ఈ కోల్ట్‌కి వెనక గురి చూసుకునే గాడి ఎక్కడుంటుందో ఊహించండి. హ్యామర్ ముక్కు మీద! హ్యామర్ వెనక్కి లాగితేనే కనిపిస్తుంది. పిడి చిన్నది, నా చిటికెనవేలు గాల్లోనే ఉంటుంది. మా దూరం ఏడు గజాలు. అక్కడ కూడా గుండు గురి కన్నా పైకే పోతుంది, కాబట్టి టార్గెట్ కింద అంచు చూసి కొట్టాలి. బలం కూడా పెద్దగా ఉండదు, ఇప్పటి సాదాసీదా .22 తూటా కన్నా తక్కువే. చెయ్యి అదరదు, భుజం నొప్పెట్టదు. చిన్న కాలిబర్‌లో సరదా అంతా ఇదే. మందు తక్కువ, సీసం తక్కువ, ఖర్చు తక్కువ. ఒక పౌండు డబ్బా కొంటే ఐదువందలు దాటి పేల్చొచ్చు. తక్కువ బలం అంటే ప్రమాదం లేదని మాత్రం కాదు. 1850ల్లో దీంతో మనుషులు చచ్చిపోయారు.

విసుగు కూడా ఉంది. ప్రచారంలో ఎవరూ చెప్పనిది ఇదే. పేలిన రాగి కేపు ముక్కలై హ్యామర్ సందులో పడుతుంది, సిలిండర్ తిరగనంటుంది. ఐదింటికి ఒకసారైనా జరిగేది నాకు మొదట్లో. తుపాకిని ఆకాశం వైపు ఎత్తి హ్యామర్ లాగితే ముక్క కింద రాలిపోతుందని పెద్దాయన చూపించారు. పాత కౌబాయ్ సినిమాల్లో హీరోలు ప్రతి గుండుకీ తుపాకి పైకి ఎత్తడం స్టయిల్ అనుకునేవాణ్ణి. ఇది కూడా కారణమేమో!

మూడో ఆదివారం ఇంకోటి జరిగింది. ట్రిగ్గర్ నొక్కాను. కేపు "టిక్" మంది. గుండు పేల్లేదు. ఏమైందా అని నా చెయ్యి దానంతటదే తిరిగింది, మూతిలోకి చూద్దామని. పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ వయసులో ఆ పట్టు ఎలా వచ్చిందో తెలీదు. తుపాకి అంగుళం కూడా కదల్లేదు.

"టార్గెట్ వైపే. అరవై దాకా లెక్కపెట్టు."

కొన్నిసార్లు లోపల నిప్పు నెమ్మదిగా రాజుకుని, క్షణాలు ఆలస్యంగా పేలుతుంది. దీపావళికి చిచ్చుబుడ్డి వెలగలేదని వంగి చూడొద్దని మన అమ్మలు అరిచేది ఇందుకే కదా. నేను తెలుగులోనే లెక్కపెట్టాను, గట్టిగా. ఒకటి, రెండు, మూడు... ముప్పైకి వచ్చేసరికి గొంతు వణికింది. అరవై అయింది. ఏమీ కాలేదు. కొత్త కేపు తొడిగి కొడితే ఈసారి మామూలుగా పేలింది. సంగతేంటంటే, మందు పోసేముందు ఖాళీ గదుల మీద ఒక్కో కేపు పేల్చి, లోపల మిగిలిన నూనె కాల్చెయ్యాలి. ఆరోజు తొందర్లో నేనది ఎగ్గొట్టాను. తప్పు తుపాకిది కాదు.

ఇంటికొచ్చాక భోజనం చెయ్యలేకపోయాను. మా ఆవిడ అడిగితే ఎండదెబ్బ అన్నాను.

ఇటలీ, కృష్ణ, పాట్నా

అమెరికా తుపాకికి ఇటలీ నకలేంటి అనుకుంటున్నారా? అమెరికా అంతర్యుద్ధానికి 1961లో వందేళ్లు. ఆ యుద్ధాన్ని వేషాలేసి మళ్లీ ఆడి చూపించే సరదా అక్కడ మొదలైంది. అసలు తుపాకులు పాతబడ్డాయి, ఖరీదు. బ్రెషా జిల్లాలో గార్డోనే వాల్ ట్రోంపియా అని తుపాకుల లోయ ఉంది. బెరెట్టా కుటుంబం 1526లోనే వెనిస్‌కి తుపాకి గొట్టాలు అమ్మినట్టు లెక్క ఉంది అక్కడ. అమెరికా వ్యాపారులు వాళ్ల దగ్గరికెళ్లి నకళ్లు చేయించారు. 1959లో మొదలైన ఉబెర్టీ, తరవాత పియెట్టా, ఇవాళ్టికీ ఈ రంగంలో పెద్ద పేర్లు.

సరిగ్గా అప్పుడే ఇటలీ వాళ్లు కౌబాయ్ సినిమాలు తీయడం మొదలెట్టారు. నకలు తుపాకులు ఊళ్లోనే ఉన్నాయి మరి! 1966లో వచ్చిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోది మా బుల్లిదానికి అన్నలాంటి 1851 నేవీ కోల్ట్ రకం. ఆ గాలే మద్రాసు దాకా వీచింది. 1971లో మన సూపర్‌స్టార్ కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'లో టోపీ పెట్టుకుని గుర్రమెక్కారు. మా బాబాయ్‌కి ప్రాణం ఆ సినిమా. అరుగు మీద చేతివేళ్లే తుపాకిగా పెట్టి పేల్చి చూపించేవాడు. రెండు చేతులతో.

మన లింకు సినిమాతో అయిపోలేదు. తుపాకిమందులో ఎక్కువ భాగం సూరేకారమే. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి మంచి సూరేకారం అంటే బీహార్‌దే, పాట్నా చుట్టుపక్కల మట్టిలోంచి తీసింది. బ్రిటిష్ వాళ్ల చేతుల్లో ఉండేది. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక లింకన్ ప్రభుత్వానికి అది అయిపోవస్తే, డూపాంట్ కుటుంబంలోని లామోట్ డూపాంట్‌ని లండన్ పంపారు, దొరికినంతా కొనుక్కురమ్మని. ఆయన కొన్నాడు. ఇంతలో ట్రెంట్ అనే ఓడ గొడవతో రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చేలా ఉంటే బ్రిటన్ ఆ సరుకు కదలనివ్వలేదు. గొడవ సర్దుకున్నాకే వదిలారు. బానిసత్వం మీద జరిగిన యుద్ధంలో పేలిన మందులో మన బీహార్ మట్టి ఉందన్నమాట. ఆ మట్టి తీసిన నూనియా కులం వాళ్ల పేరు ఏ తుపాకి మీదా చెక్కలేదు.

మనకి కుదురుతుందా?

ఇది చదివి ఎగిరి గంతెయ్యొద్దు. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ఉంది. ఏజెన్సీలో కనిపించే నాటు తుపాకి కూడా మందు కూరి పేల్చేదే, దానికీ లైసెన్సు కావాలి. "పాతకాలం బొమ్మ" అని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే కస్టమ్స్‌లో కథ మొదలవుతుంది.

అమెరికాలో 1968 నాటి ఫెడరల్ తుపాకుల చట్టం, తూటా పట్టని ఇలాంటి పాతరకం నకళ్లని 'యాంటిక్' లెక్కలో వేసి, మామూలు తుపాకి నిర్వచనం నుంచి తప్పించింది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆధునిక తుపాకుల విషయంలో నిషేధం ఉంది, వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. అందుకే నాలాంటి వర్క్ వీసా వాడికి ఈ పాత దారి ఒక్కటే తెరిచి ఉంది. కానీ రాష్ట్రం మారితే రూలు మారుతుంది. న్యూజెర్సీలో ఇదీ తుపాకే, పర్మిట్ కావాలి. అక్కడుండే మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు! చట్టం తెలిసినవాళ్లని అడక్కుండా ముట్టుకోకండి. నేను ముందు లాయర్‌ని అడిగాను, తరవాతే పెద్దాయన గరాజ్‌లోకి వెళ్లాను. పోటీల పిచ్చి ఉంటే 1933లో పుట్టిన మజిల్ లోడింగ్ సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే పల్లెలో ఉంది, ప్రపంచ పోటీలు కూడా జరుగుతాయి. నాకంత లేదు.

తుప్పు

పేల్చడం సగమే. మిగతా సగం కడగడం. మండిన మందులో సగానికి పైగా గ్యాస్ కాదు, నలుసు. కొంత పొగై పోతుంది, మిగతాది మసిగా అంటుకుంటుంది. అది గాల్లో తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. అందుకే అదే రోజు చీల కొట్టి, గొట్టం ఊడదీసి, వేడినీళ్లలో గిన్నెల సబ్బుతో తోమి, ఆరబెట్టి, నూనె రాయాలి. కడుగుతుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మా ఆవిడ వంటింటి సింకు మీద నిషేధం పెట్టింది. బాల్కనీలో బకెట్టే గతి.

ఒక ఆదివారం పెద్దాయన తుపాకిని నా చేతికే ఇచ్చారు, "నువ్వే కడిగి రేపు తెచ్చియ్యి" అని. అది మామూలు మాట కాదు. ఆ సాయంత్రం ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోయింది. సోమవారం కాల్స్. మంగళవారం రాత్రి గుర్తొచ్చి సంచి తీసి చూస్తే సిలిండర్ గదుల చుట్టూ, ఆ గుర్రపుబండి బొమ్మ మీద, నారింజ రంగు పొడి.

ఏం చెయ్యాలో తోచలేదు. రాత్రంతా కూర్చుని రుద్ది, ఏమీ జరగనట్టు ఇచ్చేద్దామా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, సన్నటి ఉక్కు పీచు కూడా చేతిలోకి తీసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక మాట దాచినవాడికి ఇంకోటి దాచడం ఎంతసేపు?

పొద్దున్నే అలాగే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. ఒక స్టూలు నా వైపు జరిపి, నూనె సీసా తెచ్చారు. ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం. తుప్పు పోయింది. ఒక గుర్రం వెనక కాలు దగ్గర చిన్న మచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ రెండు గంటల్లో ఆయనకి మా బాబాయ్ గురించి మొత్తం చెప్పాను. ఆయన విని, సిలిండర్ తుడుస్తూ, "అతనికి ఇది చూపించావా?" అన్నారు. అంతే.

పోయిన నెల ఆదివారం రేంజ్ నుంచి వీడియో కాల్ చేశాను. ఇక్కడ పొద్దున పది, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. బాబాయ్ అదే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫోను ఎడంచేత్తో పట్టుకుంటాడు.

"అదేంట్రా, కృష్ణ తుపాకి!" అన్నాడు.

మొత్తం చూపించాను. ఫ్లాస్కు, గుండ్లు, డాల్డా. డాల్డాకి పకపకా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు.

"మందు కూరేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడుతున్నావ్?"

"పక్కనుంచి, బాబాయ్. మూతి ముందుకి రానివ్వను."

"ఎంత గట్టిగా కూరుతున్నావ్?"

గొంతు పట్టేసింది. "మందు మీద గుండు ఆనితే చాలు, బాబాయ్. ఇంకా గట్టిగా అక్కర్లేదు." తరవాత, అనుకోకుండానే, "ఆరోజు గట్టిగా కూరమన్నది నేనే" అనేశాను.

కాసేపు ఏమీ వినపడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"నువ్వు చెబితే కూరానా? నాకే సరదారా" అన్నాడు. "ఆ మందు డబ్బా ఎక్కడుంది?"

"మూత పెట్టి, అదిగో, ట్రక్కులో."

"సరే. ఫోను ఆ పెద్దాయనకియ్యి. నువ్వు పేల్చు, చూస్తాను."